పప్పు తెల్లన, చేతులు నల్లన

ఉద్దానం పల్లెల్లో ఒక చిన్న సంఘానికి వాక్యం చెప్పడానికి వెళ్ళినప్పటి మాట. బల్లారాధనలో రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య నడుస్తుంటే నలుగురైదుగురు స్త్రీలు పమిట కొంగు అరచేతి మీద పరచుకుని, దాని మీదే రొట్టె ముక్క తీసుకున్నారు. భక్తి కొద్దీ అలా చేస్తున్నారనుకున్నాను. చూడడానికి బాగుందని కూడా అనిపించింది. ఆరాధన అయ్యాక కాపరిగారి భార్యతో ఆ మాటే అన్నాను. ఆమె నవ్వలేదు. "భక్తి కాదండి అయ్యగారూ, జీడి చేతులు. సిగ్గుపడి కప్పుకుంటారు" అంది.

తరువాత వారిలో ఒకామె కొంగు తీసి చూపించింది. వేళ్ళు నల్లగా, మొద్దుగా ఉన్నాయి. కొసల దగ్గర చర్మం పొరలు పొరలుగా ఊడిపోయింది. కణుపుల మీద పగుళ్ళు. బొటనవేలి పక్కన పొక్కు ఒకటి చితికి పచ్చిగా ఉంది. ఆమె అడిగింది ఒక్కటే: "ఇది అంటుకునీది కాదు గదండీ? పిల్లలకి ఈ సేత్తోనే అన్నం కలిపి పెడతాను."

కాదమ్మా, అంటుకునేది కాదు. ఈ సంగతి ముందుగా అన్ని సంఘాలకూ తెలియాలి. ఇది కుష్ఠు కాదు, తామర కాదు, గజ్జి కాదు. ఇందులో క్రిమి లేదు. ఆమె పక్కన కూర్చుంటే రాదు, ఆమె చేతి అన్నం తింటే రాదు, ఆమెతో కరచాలనం చేస్తే రాదు. వారానికి ఆరు రోజులు ఆమె చేసే పని వల్ల వచ్చింది, ఆ పని వల్లే మానకుండా ఉంది.

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల మీదుగా సముద్రం పక్కన సాగే ఆకుపచ్చని ప్రాంతం ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు అక్కడి జీవనాధారం. పత్రికలు ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గురించే రాస్తాయి. రాయవలసినదే. ఆ జబ్బు ఎన్నో ఇళ్ళను ఖాళీ చేసింది, దాని కోసం పలాసలో 2023లో ప్రత్యేక ఆసుపత్రి వచ్చింది. చేతుల జబ్బు మనిషిని చంపదు. అందుకే అది వార్త కాలేదు.

పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కల పరిశ్రమలు వందల సంఖ్యలో ఉన్నాయి. పిక్కలు కొన్ని ఉద్దానం తోటల నుంచి వస్తాయి, కొన్ని ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలను పెకలించి వేసింది. జీడి మొక్క నాటితే కాపు అందుకోవడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అంతవరకూ సొంత తోట ఉన్న ఇంటి ఆడవాళ్ళకు కూడా షెడ్డులో కూలే దిక్కయింది.

జీడిపిక్క తొక్క రెండు పొరలుగా ఉంటుంది. ఆ రెంటి నడుమ తేనెపట్టు గదుల వంటి సందుల్లో చిక్కని నూనె నిండి ఉంటుంది. అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ అనే పదార్థాలు అందులో ఉన్నాయి. చర్మాన్ని కాల్చేది అవే. మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. చాకలివారు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి కూడా ఈ కుటుంబంలోదే, దాని రసం తగిలితే ఒళ్ళు పొక్కుతుందని పల్లెల్లో అందరికీ తెలుసు. లోపలి పప్పును పురుగూ పక్షీ ముట్టకుండా దేవుడు పెట్టిన కావలి ఆ నూనె. దాన్ని దాటి పప్పు తీయాలంటే ఎవరో ఒకరి చేయి కాలాలి.

పాత పద్ధతిలో పిక్కలను డ్రమ్ములో వేయిస్తారు. నూనె చాలావరకు కాలిపోతుంది గాని, ఆ పొగ కళ్ళకూ ఊపిరితిత్తులకూ మంట పెడుతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆవిరి మీద ఉడికిస్తున్నారు. పొగ తగ్గింది, పప్పు తెల్లగా వస్తోంది. అయితే నూనె తొక్కలోనే ఉండిపోయి, కాలితో తొక్కే కటింగ్ యంత్రం ముందు కూర్చున్న స్త్రీ చేతికి అంటుకుంటోంది. చుట్టుపక్కల ఇళ్ళకు పొగ బాధ తప్పింది గాని ఆ భారం ఆమె వేళ్ళ మీదికి వచ్చింది. యంత్రం పిక్కను రెండుగా చీలుస్తుంది. పప్పు విరగకుండా సూదితోనో వేలితోనో బయటికి తీయాలి. తరువాత ఆరబెట్టి, ఎర్రని పొర ఒలిచి, గుండు ఒక పక్కకు, బద్ద ఒక పక్కకు, ముక్క ఒక పక్కకు వేరుచేయాలి.

బజారులో డబ్ల్యూ-320 అనే రకం అడిగి కొంటాం. 320 అంటే ఒక పౌనుకు దాదాపు అన్ని పప్పులు తూగుతాయని. అంటే కిలోకు సుమారు ఏడు వందలు. క్రిస్మస్ కేకు కోసం మనం కిలో పప్పు తెస్తే, ఏడు వందల పిక్కలు ఒక్కొక్కటిగా ఒక స్త్రీ వేళ్ళ మధ్య చీలాయన్నమాట. పొర ఒలవడానికి మరోసారి ఏడు వందల సార్లు ఇంకొకరి వేళ్ళు తగిలాయి. లెక్క చాలా చిన్నది. నేను మాత్రం ఇంతకాలం వేసుకోలేదు.

ఆ నూనె తొక్కతో పాటు పారవేసే చెత్త కాదు. బండ్ల బ్రేకుల్లో, రంగుల్లో, వార్నిష్‌లలో వాడడానికి దాన్ని పిండి అమ్ముకుంటారు. పిండిన నూనెకు ధర ఉంది. చేతిని కాల్చిన నూనెకు లెక్క లేదు.

చేతి తొడుగులు వేసుకోవచ్చుగదా అని ఎవరైనా అంటారు. నేనూ అన్నాను. కూలి కిలో లెక్కన ఇస్తారు. మందపాటి తొడుగు వేసుకుంటే వేలికి స్పర్శ పోతుంది, పప్పు విరుగుతుంది. గుండు పప్పుకున్న ధర ముక్కకు లేదు గనుక ముక్కలు ఎక్కువైతే మేస్త్రీ ఊరుకోడు. పలచని తొడుగు నూనెకు త్వరగా పాడైపోతుంది, రోజుకు ఎన్ని మార్చాలి, ఎవరు కొనివ్వాలి? అందుకే కొందరు బూడిద రాసుకుంటారు, కొందరు ఆముదం, కొందరు వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటారు. పని వేగం తగ్గితే ఆ సాయంత్రం కూలి తగ్గుతుంది. చేయి కాపాడుకోవడానికి అయ్యే ఖర్చు మొత్తం ఆమె తన కూలిలోంచే కట్టుకోవాలి. ఈ జబ్బుకు మూలం అపరిశుభ్రత కాదు, తెలివితక్కువ కాదు. కూలి కట్టే పద్ధతే మూలమని నా అభిప్రాయం.

ఇక్కడ డాక్టర్ పాల్ బ్రాండ్ గుర్తుకు వస్తాడు. 1940ల చివర వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఆయన కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. వేళ్ళు క్రిమి తినడం వల్ల పోవడం లేదనీ, నొప్పి తెలియక కాలిన గాయాన్నీ కోసుకున్న గాయాన్నీ రోగి పట్టించుకోకపోవడం వల్ల పోతున్నాయనీ ఆయన లోకానికి చూపించాడు. నొప్పి దేవుడిచ్చిన కాపలాదారు అని నేర్పినవాడు ఆయన. జీడి షెడ్డులోని స్త్రీకి నొప్పి తెలుస్తుంది. పచ్చడి అన్నం కలిపేటప్పుడు తెలుస్తుంది, ఉప్పు ముట్టుకుంటే తెలుస్తుంది, రాత్రి పడుకున్నాక ఇంకా బాగా తెలుస్తుంది. కాపలాదారు అరుస్తూనే ఉన్నాడు. ఆ మాట వినాలంటే మర్నాటి బియ్యం వదులుకోవాలి.

చర్మవ్యాధి విషయంలో మన సంఘాలకు ఒక వారసత్వం ఉంది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ స్థాపించిన ఆసుపత్రి, సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి, బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ సేవ — లోకం తాకడానికి భయపడిన చర్మాన్ని తాకినవారు మన పెద్దలు. ఆ చరిత్రను వార్షికోత్సవాల్లో గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి. కాని ఆ చరిత్ర వల్ల మనకొక అలవాటు కూడా వచ్చింది. చర్మం పాడైనవారిని చూడగానే మందు ఇవ్వాలనుకుంటాం, కనికరపడతాం, ఉచిత వైద్య శిబిరం పెట్టి ఫోటో తీసుకుంటాం. క్రిమి వల్ల వచ్చిన జబ్బుకు మందు చాలు. పని వల్ల వచ్చిన జబ్బుకు ఆదివారం శిబిరంలో ఆయింట్‌మెంట్ ఇచ్చి, సోమవారం అదే యంత్రం ముందుకు పంపితే ప్రయోజనం ఏమిటి?

పైగా ఆ ఆయింట్‌మెంట్ సంగతి కూడా జాగ్రత్తగా చూడాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రాయగానే మంట తగ్గుతుంది గనుక నెలల తరబడి రాస్తారు. చర్మం పలచబడుతుంది. పలచబడిన చర్మం మీద జీడి నూనె ఇంకా తేలిగ్గా పని చేస్తుంది. డాక్టరు చెప్పినన్ని రోజులే రాయాలి. చేతులు కడుక్కోవడానికి కిరసనాయిలు వాడడం మరీ ప్రమాదం. పనికి ముందు ఆముదమో మరొక నూనెనో పట్టించుకోవడం, పని మధ్యలోనూ చివరా సబ్బుతో ఎక్కువ నీళ్ళు పోసి కడుక్కోవడం, ఆ చేత్తో కళ్ళూ ముఖమూ తుడుచుకోకపోవడం, పని బట్టలు ఇంట్లో బట్టలతో కలపకపోవడం — ఇవి ఉపయోగపడతాయి. అయితే వీటికి కూడా షెడ్డులో ఒక కుళాయి ఉండాలి, కడుక్కునే ఐదు నిమిషాలకు మేస్త్రీ కసరకూడదు.

ఇంకొక బాధ డాక్టర్లు కూడా తొందరగా ఊహించరు. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి రేషను డిపోల్లో ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. వేలు పెడితేనే బియ్యం. వేలిముద్ర అంటే వేలి కొస మీది చర్మపు గీతలే గదా. ఆ చర్మమే ఊడిపోయిన స్త్రీ వేలు పెడితే యంత్రం ఆమెను గుర్తుపట్టదు. ఒక వేలు కాకపోతే ఇంకొక వేలు, తుడిచి మళ్ళీ, నీళ్ళు రాసి మళ్ళీ. వెనక వరుసలో వాళ్ళు విసుక్కుంటారు. కనుపాపతో గుర్తించే ఏర్పాటు ఉంది, ముఖం చూసి గుర్తించే పద్ధతీ వచ్చింది. కాని ఆ పరికరం డిపోలో ఉందా, ఉంటే పనిచేస్తోందా, డీలరుకు దాన్ని తీసే ఓపిక ఉందా అన్నది ఊరిని బట్టి, మనిషిని బట్టి. దేశంలో పండుగ వంటకాలన్నిటికీ పప్పు ఒలిచి ఇచ్చిన చేతులను బియ్యం ఇచ్చే యంత్రం ఎరగనంటోంది. సోంపేట ఆరోగ్యవరంలో కెనేడియన్ బాప్టిస్టు మిషనరీ డాక్టర్ బెన్ గలిసన్ లెక్కలేనంతమందికి చూపునిచ్చాడు. ఆ సేవ గురించి విని కెనడాలో 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. ఆ సోంపేటకు దగ్గరి ఊళ్ళలోనే ఇప్పుడు ఒక స్త్రీ బియ్యం తెచ్చుకోవాలంటే కంటినే చూపించాలి.

చట్టం సంగతి చూద్దాం. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ప్రభుత్వానికి తెలియపరచవలసిన జబ్బుల జాబితా ఒకటి ఉండేది. రసాయనాలు, రంగులు నేరుగా తాకడం వల్ల వచ్చే చర్మవ్యాధి అందులో ఉండేది. అటువంటి రోగిని చూసిన డాక్టరు ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి తెలియజేయాలని కూడా ఆ చట్టం చెప్పింది. జీడి నూనె రసాయనమా, చెట్టు నుంచి వచ్చింది గనుక కాదా అని వాదించే యజమానులుంటారు. కాలిన చేతికి ఆ వాదన అనవసరం.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. నియామక పత్రం ఇవ్వాలి, నలభై ఏళ్ళు దాటిన కార్మికులకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి అన్న మంచి మాటలు అందులో ఉన్నాయి. అదే సమయంలో ఫ్యాక్టరీ అనే పేరుకు కావలసిన సంఖ్య పెరిగింది. కరెంటు వాడే చోట పదిమంది ఉన్నది ఇరవై అయింది, వాడని చోట ఇరవై ఉన్నది నలభై అయింది. పదిహేనుమంది స్త్రీలు కూర్చుని కోసే చిన్న షెడ్డు, ఇంటి వసారాలో బస్తా దింపించుకుని ఒలిచే కుటుంబం ఈ లెక్కలో ఎక్కడ నిలుస్తాయి? ఆ పరీక్ష వారిదాకా వస్తుందా? మన సంఘాల్లో న్యాయవాదులున్నారు. ఈ ప్రశ్న వారు ఎత్తాలి.

కేరళలో కొల్లం జీడి కార్మిక స్త్రీలు దీన్ని దశాబ్దాల కిందటే ఎత్తారు. అక్కడ ప్రభుత్వ జీడి అభివృద్ధి సంస్థ 1969లో ఏర్పడింది, తరువాత కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది, కనీస కూలి వచ్చింది. అక్కడ అంతా బాగుందని అనను. కూలి పెరిగేసరికి చాలామంది వ్యాపారులు తక్కువ కూలి దొరికే పొరుగు ప్రాంతాలకు షెడ్డులు తరలించారు. మనం న్యాయం అడిగితే పని పోతుందేమో అన్న భయం పలాస స్త్రీలకు ఊరికే రాలేదు. వియత్నాంలో యంత్రాలే పిక్కలు చీలుస్తున్నాయి. ఇక్కడ కూడా యంత్రాలు వస్తున్నాయి. యంత్రం వస్తే చేయి కాలదు, చేతికి పని కూడా ఉండదు. 2011లో హ్యూమన్ రైట్స్ వాచ్ అదే వియత్నాంలో మత్తుమందుల బాధితులను నిర్బంధ కేంద్రాల్లో ఉంచి జీడిపిక్కలు ఒలిపిస్తున్నారని బయటపెట్టినప్పుడు విదేశీ పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఖైదులో ఉన్నవారి చేయి కాలితే లోకానికి తెలిసింది. ఇష్టపడి వచ్చిందనుకునే కూలి మనిషి చేయి కాలితే ఎవరికీ తెలియదు. ఆమె ఇష్టం ఎంతపాటిదో ఆమె పొయ్యి చూస్తే తెలుస్తుంది.

సువార్తల్లో ఊచ చేయి గలవాని కథ మనకు బాగా తెలుసు. అది కుడిచేయి అని లూకా ఒక్కడే గుర్తుపెట్టుకుని రాశాడు. నాలుగో శతాబ్దంలో పుట్టిన వేదపండితుడు జెరోము మత్తయి సువార్త వ్యాఖ్యానంలో ఒక పాత సంప్రదాయాన్ని ప్రస్తావిస్తాడు. ఆ మనిషి తాపీపనివాడట. చేతులతో సంపాదించి బ్రతికేవాడిననీ, సిగ్గువిడిచి అడుక్కుతినకుండా తనను బాగుచేయమనీ యేసును వేడుకున్నాడట. లేఖనం కాదు గనుక దాని మీద సిద్ధాంతం కట్టనక్కరలేదు. కాని ఆ కథ చెప్పుకున్న తొలి విశ్వాసులు ఆ చేతిని చూసినప్పుడు, ఈ చేయి ఏ పని చేసేది అని అడిగారని మాత్రం తెలుస్తోంది. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జీని పనివారి జబ్బుల మీద గ్రంథం రాస్తూ, రోగిని అడగవలసిన ప్రశ్నలకు దీన్ని కూడా చేర్చాడు: నీ వృత్తి ఏమిటి? మన మిషను ఆసుపత్రుల ఓపీ చీటీల్లో పేరు, వయస్సు, ఊరు రాయడానికి గీతలున్నాయి. పని రాయడానికి ఒక గీత చేర్చడానికి ఎంత ఖర్చవుతుంది? 'జీడి కటింగ్, పన్నెండేళ్ళు' అని డాక్టరు సంతకంతో ఉన్న చీటీ రేపు ఈఎస్ఐ దగ్గర గాని, లేబర్ ఆఫీసులో గాని, రేషను డిపోలో గాని ఆ స్త్రీ చేతిలో సాక్ష్యం అవుతుంది.

ఉద్దానం సంఘాల స్త్రీల సమాజాలు ఇంకొక పని కూడా చేయగలవు. కటింగ్ దగ్గర కూర్చున్నవారిని కొన్ని వారాలు పొర ఒలిచే పనికి మార్చి, అక్కడివారిని ఇటు తెస్తే చర్మం కోలుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. కొత్త యంత్రం అక్కరలేదు, చట్టం అక్కరలేదు. అయితే కటింగ్‌లో చేయి తిరిగినవారిని మారిస్తే కొన్ని రోజులు పని మందగిస్తుంది. ఆ నష్టం యజమాని భరించాలి, స్త్రీల మీద వేయకూడదు.

ఆ రోజు నాకు చేతులు చూపించినామె కోరింది కూడా సరిగ్గా ఇదే. మందు అడగలేదు, డబ్బు అడగలేదు. "రెండు నెల్లు నన్ను ఒలుపు కాడికి మార్సమని మా మేస్త్రీకి ఎవరైనా సెప్తే బాగుణ్ణండి" అంది. మేస్త్రీ ఎవరమ్మా అన్నాను. రెండో వరుసలో కూర్చుని పాటలు ఎత్తిచ్చినాయనే. షెడ్డు యజమాని కూడా ఆ సంఘానికి కొత్తవాడు కాదు.

కాపరిగారితో ఆ మాట చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గుడి గోడకు కొత్తగా వేసిన సున్నం వైపు చూస్తూ, "మాట్లాడతాను అయ్యగారూ. కాని చందా పుస్తకంలో మొదటి పేరు ఆయనదే" అన్నారు.